చిలకలు పడుకున్న దూది

నేను అనుమానపు మనిషిని. ఈ మాట మా ఆయన అంటాడు, మా అమ్మ అంటుంది, మా బజారంతా అంటుంది, నేనూ ఒప్పుకుంటాను. పాలు పోస్తుంటే నీళ్ళెన్ని కలిపాడా అని చూస్తాను. తక్కెడ ముల్లు ఆగేదాకా కూరగాయలు సంచిలో వేయించుకోను. అలాంటిదాన్ని, ఇంటి మీదికి జబ్బు వచ్చినప్పుడు ఊరుకుంటానా? ఎవరినీ వదల్లేదు. ఇప్పుడు మెట్లెక్కితే ఆయాసం రావడం లేదు, కలం పట్టుకుంటే చెయ్యి వణకడం లేదు. అందుకని జరిగింది జరిగినట్టు రాద్దామని కూర్చున్నాను. రాస్తే నా గుండెల్లో బరువు కొంత దిగుతుందేమో, చదివిన తల్లి ఎవరైనా నేను చేసిన పని చేయకుండా ఉంటుందేమో.

నా పేరు సైదమ్మ. మాది ప్రత్తిపాడు. మేం దూదేకులవాళ్ళం. మామగారి నాటి నుంచీ పరుపులు, దిండ్లు కుట్టడమే పని. ఇంటి వెనక రేకుల షెడ్డు, అందులో దూదేకే మిషను. ఫోము పరుపులు వచ్చాక పెళ్ళిళ్ళకు మమ్మల్ని పిలిచేవాళ్ళు తగ్గిపోయారు. మా ఆయన మస్తాన్ వలి చేతులు ముడుచుకుని కూర్చునే రోజులు ఎక్కువయ్యాయి. మాకు ఒక్కతే కూతురు, మీరాబీ. అప్పటికి నాలుగేళ్ళు. నోరు విప్పితే ఆపదు.

మిరపకోతలు మొదలైన రోజులు

అది రెండువేల ఆరో సంవత్సరం. టీవీ పెడితే చాలు కోళ్ళ జబ్బు. ముఖాలకు గుడ్డలు కట్టుకుని, కోళ్ళను గోతుల్లో పోస్తున్న మనుషులు. మా ఊళ్ళో కోడిమాంసం కొనే నాథుడు లేడు. నేనైతే గుడ్డు కూడా ఇంట్లోకి రానివ్వలేదు. పక్కింటి కోడి మా వాకిట్లోకొస్తే చీపురు తీసుకుని తరిమాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే సుబ్బారావు రెండు బుట్టలు పట్టుకుని వచ్చాడు. మార్టూరు మనిషి, మా ఆయనకు చిన్నప్పటి స్నేహితుడు. గ్రానైటు పాలిష్ దగ్గర పనిచేసి, రాతి దుమ్ముకి దగ్గు పట్టుకుంటే అది మానేసి పిట్టల వ్యాపారంలోకి దిగాడు. బుట్ట మీద గోనెపట్టా తీస్తే లోపల చిలకపిల్లలు. ఈకలు కూడా సరిగ్గా రాలేదు. తాటిచెట్ల తొర్రల్లోంచి తీసినవట.

"వారం రోజులే చెల్లెమ్మా. ఈకలొచ్చినాక చీరాలలో రైలెక్కిస్తా. వీటికి వెచ్చగా ఉండాల. దూది షెడ్డు కన్నా వెచ్చని చోటు ఏడుంటది? పైగా మీ మిషను చప్పుడుకి వీటి గోల బయటికి వినపడదు."

"వినపడితే ఏమవుద్ది? వినపడకూడదంటే దొంగసొమ్మేగా?" అన్నాను.

"చిలకలమ్మా, పులులు కాదు!"

మా ఆయన పెద్దగా నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. "ఫారెస్టోళ్ళు వస్తే నవ్వుదువుగానిలే" అన్నాను. సుబ్బారావు గొంతు తగ్గించాడు. "అందుకే ఎవరికీ చెప్పమాకమ్మా. చెబితే ముగ్గురం లోపలికే."

ఆ మాట నా బుర్రలో మేకు కొట్టినట్టు దిగింది. జైలు భయమే తప్ప ఇంకో భయం నాకు తోచలేదు.

వారం అన్నది నెల దాటింది. ఒక బుట్ట వెళితే ఇంకో బుట్ట దిగేది. ప్రతి బుట్టలోనూ రెండో మూడో పిల్లలు ముక్కు కారుతూ, రెక్కలు వేలాడేసి, పచ్చగా విరేచనాలై చచ్చేవి. సుబ్బారావు వాటిని కవరులో చుట్టి ఎక్కడో పాతిపెట్టేవాడు. "దారి బడలికమ్మా" అనేవాడు. మీరాబీకి అవంటే పిచ్చి. నానబెట్టిన శనగపప్పు నలిపి వేలితో నోట్లో పెట్టేది. ఒక్కోదానికి ఒక్కో పేరు.

చిలకపిల్లల కింద మేం దూది పరిచేవాళ్ళం. రోజూ మార్చాలి. మార్చిన దూదిని పారేయడానికి నాకు చేతులు రాలేదు. దూది పారేయడం మా ఇంటావంటా లేదు. పాత పరుపు చింపితే అందులో ఉచ్చ మరకలుంటాయి, చెమట కంపుంటుంది. ఎండలో పోసి, కర్రతో కొట్టి, మిషనులో ఏకితే మళ్ళీ తెల్లగా విచ్చుకుంటుంది. మా పనే అది. ఈ దూదినీ అలాగే డాబా మీద ఆరబోశాను. ఎండిన రెట్ట కర్ర దెబ్బకి పొడిపొడిగా రాలిపోయింది. రాలినంత రాలాక, మంచి దూదిలో కలిపి మిషనులో వేశాను. షెడ్డంతా తెల్లటి దుమ్ము లేచింది. ఆ దూదితో ఆరు దిండ్లు కుట్టాను. చిన్నది, పువ్వుల గలీబుది మీరాబీకి. మిగతా ఐదు ఊళ్ళో అడిగినవాళ్ళకు ఇచ్చాను. నా పనితనానికి నేనే మురిసిపోయాను కూడా.

కల్లాల్లో మిరపకాయలు ఎండుతున్నప్పుడు

తలనొప్పితో మొదలైంది. అలాంటి తలనొప్పి నేను ఎరగను. కళ్ళు తెరిస్తే వెలుతురు పొడిచేది. తర్వాత జ్వరం, ఒళ్ళంతా చితక్కొట్టినట్టు నొప్పులు, ఆపైన పొడిదగ్గు. దగ్గితే తెమడ పడేది కాదు, ఊపిరి మాత్రం అందేది కాదు.

మొదట మిరపకాయల ఘాటు అనుకున్నాను. ఊరి చుట్టూ కల్లాలే కదా. తర్వాత పక్క చేలో మందు కొట్టిన కోటయ్య మీదికి పోయింది నా అనుమానం. పనిగట్టుకుని మా ఇంటివైపు గాలి ఉన్నప్పుడే కొట్టాడని మా అమ్మతో అన్నాను. ఆ తర్వాత సూదులు వేస్తున్న ఆర్ఎంపీ డాక్టరు మీదికి. సీసాలో మందుందో నీళ్ళున్నాయో అని లేబుల్ చదివించుకున్నాను. ఆయన పాపం విసుక్కోకుండా చదివాడు.

నేను వాళ్ళను అనుమానిస్తుంటే ఊరు నన్ను అనుమానించింది. "దూది దుమ్ము, ఊపిరితిత్తులు పోయుంటయ్" అన్నారు కొందరు. "టీబీ" అన్నారు ఇంకొందరు. నా గ్లాసు వేరే పెట్టమని మా అమ్మకు సలహాలు వచ్చాయి. సర్కారు ఆసుపత్రిలో తెమడ పరీక్షకు పోతే, వరసలో నా వెనక మనిషి రెండడుగులు వెనక్కి జరిగి నిలబడింది. ఆమె వచ్చిందీ ఆ పరీక్షకే! నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

టీబీ కాదని తేలింది. అప్పుడు డాక్టరు ఒక చీటీ మీద ఏదో రాసి, రక్తం ఇచ్చి రమ్మన్నాడు. ఏం పరీక్ష అని అడిగితే చెప్పకుండా కంపౌండరు ముఖం తిప్పుకున్నాడు. నాకు అర్థమైంది. ఆ రోజుల్లో ఆ పరీక్షకు పేరు పెట్టి పిలిచేవాళ్ళు కాదు, 'ఆ టెస్టు' అనేవాళ్ళు. మాకు తెలిసిన లారీ డ్రైవర్లు ఇద్దరు ఆ జబ్బుతోనే పోయారు.

నా అనుమానం అప్పుడు మా ఆయన మీదికి మళ్ళింది. సుబ్బారావుతో కలిసి చీరాల వెళ్ళిన ప్రతి రోజునూ గుర్తు చేసుకున్నాను. ఏ రోజు ఆలస్యంగా వచ్చాడు, ఏ రోజు అన్నం వద్దన్నాడు, అన్నీ. చివరికి ఆసుపత్రి వరండాలోనే అడిగేశాను.

"ఏమయ్యా, ఎక్కడికి పోయొచ్చావు? నిజం చెప్పు. నాకు ఈ జబ్బు తెచ్చింది నువ్వేనా?"

ఆయన నా వంక చూశాడు. లేచి లోపలికి పోయి, చొక్కా చెయ్యి పైకి మడిచి తనూ రక్తం ఇచ్చి వచ్చాడు. ఇద్దరికీ ఏమీ లేదని వచ్చింది. ఆ కాగితం నా ఒళ్ళో పెట్టాడు. వారం రోజులు నాతో మాట్లాడలేదు. మాట్లాడకుండానే గంజి కాచాడు, మాట్లాడకుండానే నా తల దువ్వాడు. అన్నిటికన్నా అదే నన్ను ఎక్కువ ఏడిపించింది.

గుంటూరు

జ్వరం తగ్గకపోయేసరికి గుంటూరులో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయారు. ఇరుకు వరండా, రెండు బెంచీలు, నలభై మంది జనం. పొద్దున్నే వెళితే మధ్యాహ్నానికి మా వంతు. నా పక్కన ఒక పెద్దావిడ కూర్చుంది. ఏ ఊరని అడగలేదు, ఏం జబ్బని అడగలేదు. ఫ్లాస్కు మూతలో పాలు పోసి నా చేతికిచ్చింది. నేను ఆ పాల వంక చూస్తూ, ఈవిడకు నాతో ఏం పని అని ఆలోచించాను. "తాగమ్మా, చక్కెర తక్కువేశా" అందావిడ. తాగాను. అన్ని వారాల్లో నా నోటికి రుచి తెలిసినవి అవే.

డాక్టరమ్మ తొందరపడే మనిషి కాదు. వీపు మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నది. ఎక్స్‌రే వెలుతురుకు పట్టుకుని చూసింది. తర్వాత అడగడం మొదలుపెట్టింది. ఏం పని చేస్తారు, ఏం తింటారు, ఇల్లు ఎలాంటిది.

"ఇంట్లో జంతువులు, పక్షులు ఏమైనా ఉన్నాయామ్మా?"

జబ్బు చూసే మనిషికి పక్షులతో ఏం పని? ఎవరో చెప్పారు ఈమెకు, ఫారెస్టువాళ్ళకు ఫోను చేస్తుంది, అనుకున్నాను. మా ఆయన నేలకేసి చూస్తున్నాడు.

"లేవండీ. కోళ్ళు కూడా లేవండీ" అన్నాను.

"చిలకలున్నయ్!" అంది ఒళ్ళో కూర్చున్న మీరాబీ. "బోలెడు చిలకలు! నేనే బువ్వ పెడతా!"

బల్ల కింద దాని తొడ పట్టుకుని గిల్లాను. గట్టిగా గిల్లాను. అది కెవ్వుమంది.

"బొమ్మలండీ, పుస్తకంలో చిలక బొమ్మలు. దీనికి అన్నీ నిజమే" అన్నాను నవ్వుతూ.

డాక్టరమ్మ నన్ను చూసింది, పిల్లను చూసింది. "ఏదైనా గుర్తొస్తే మళ్ళీ రండి. నేను అడిగింది ఊరికే కాదు" అంది. మందులు రాసిచ్చింది. బయటికి వచ్చాక మీరాబీకి చెప్పాను, చిలకల సంగతి ఎవరి దగ్గరైనా ఎత్తావో చంపేస్తానని. ఆ మాటే అన్నాను. కన్నతల్లిని, కడుపు చించుకుని పుట్టినదాన్ని పట్టుకుని ఆ మాట అన్నాను.

ఇంటికి రాగానే సుబ్బారావుకి ఫోను చేయించి, ఉన్న బుట్టలు ఎత్తించేశాను. షెడ్డు కడిగించాను. ఇక మాకూ చిలకలకూ సంబంధం లేదు, ఎవరొచ్చి చూసినా ఏమీ దొరకదు అని ఊపిరి పీల్చుకున్నాను. జ్వరం రోజు విడిచి రోజు వస్తూనే ఉంది.

ఉగాది వెళ్ళిన నెలకు

ఆ రోజు పొద్దున మీరాబీ లేవలేదు. ఒళ్ళు పెనంలా కాలుతోంది. సాయంత్రానికి ఊపిరి తీస్తుంటే డొక్కలు లోపలికి పోతున్నాయి. అన్నిటికన్నా నన్ను భయపెట్టింది వేరే. అది మాట్లాడడం లేదు. రోజంతా వసపిట్టలా వాగే పిల్ల, ఏం అడిగినా కళ్ళు మూసుకుని తల అటు తిప్పుకుంటోంది.

ఆటోలో గుంటూరు తీసుకుపోయాం. దిండు లేకపోతే అది పడుకోదని పువ్వుల దిండు కూడా చంకలో పెట్టుకున్నాను. దారి పొడుగునా నా తలలో ఒకటే. ఇది నాకొచ్చిన జబ్బే. నాకు రెండు నెలలైనా ఎవరూ పేరు చెప్పలేకపోయారు. ఈ పసిదానికి రెండు నెలలు ఎక్కడివి?

డాక్టరమ్మ పిల్లను మంచం మీద పడుకోబెట్టి చూసింది. ఆక్సిజను పెట్టించింది. నా వైపు తిరిగి, పోయినసారి అడిగిన మాటే మళ్ళీ అడిగింది.

"పక్షులేమైనా ఉన్నాయామ్మా?"

నేను మా ఆయన వంక చూశాను. "చెప్పు సైదా. జైలుకి పోతే నేను పోతా. చెప్పు" అన్నాడు.

చెప్పాను. బుట్టలు, తొర్రలు, చచ్చిపోయిన పిల్లలు, చీరాల రైలు, అన్నీ. ఏడుస్తూ, ముక్కు చీదుకుంటూ చెప్పాను. "పోలీసులకు చెప్తారాండీ?" అని కూడా అడిగాను, సిగ్గు లేకుండా.

"నేను పోలీసును కాదమ్మా, డాక్టర్ని. ఆ రోజే చెప్పి ఉంటే మందు మార్చేదాన్ని" అంది. అరవలేదు. అరిచినా బాగుండేది. చిలకల నుంచి మనుషులకు వచ్చే జ్వరం ఒకటుందని, ఎండిన రెట్ట దుమ్ము పీలిస్తే చాలునని చెప్పింది. "ఇదేనని ఖాయంగా చెప్పలేను, ఆ పరీక్ష ఇక్కడ లేదు. కానీ ఆగే టైము లేదు, మందు మొదలుపెడదాం. చిలకలు వెళ్ళిపోయి ఎన్నాళ్ళయింది?"

"మూడు వారాలు దాటిందండీ."

"అన్నాళ్ళయితే మరి పాపకు ఇప్పుడెందుకొచ్చింది?" అని తనలో తను అనుకున్నట్టు అంది. "పాప ఎక్కడ పడుకుంటుంది? దేని మీద?"

ఆమె అడగడమూ, నా కళ్ళు దిండు మీద పడడమూ ఒక్కసారే జరిగాయి. నా కూతురు బుగ్గ దాని మీదే ఆనించి ఉంది. రోజూ దాన్ని వాటేసుకునే పడుకుంటుంది, మూల నోట్లో పెట్టుకుని చప్పరిస్తుంది. కోటయ్యను అన్నాను, ఆర్ఎంపీని అన్నాను, కట్టుకున్నవాణ్ణి అన్నాను. కర్రతో కొట్టి, మిషనులో వేసి, పువ్వుల గలీబు తొడిగి నా బిడ్డ తల కింద పెట్టింది నేను.

"ఆ దూదేనండీ" అన్నాను. "చిలకల కింద పరిచిన దూదేనండీ అది."

డాక్టరమ్మ చేతికి తొడుగు వేసుకుని, దిండు మెల్లగా లాగి, ప్లాస్టిక్ కవరులో వేసి మూతి బిగించింది. ఆయా తన భుజం మీది తువ్వాలు మడిచి పిల్ల తల కింద పెట్టింది. ఆ ఆయా పేరు కూడా నేను అడగలేదు. ఇప్పటికీ దువా చేసేటప్పుడు 'తువ్వాలు ఇచ్చిన తల్లి' అనే అనుకుంటాను.

మూడు రోజులు. వాటి గురించి రాయలేను. నాకూ అదే మందు ఇచ్చారు. నేను మింగుతూ కూడా నాకెందుకు అనుకున్నాను. మూడో రోజు పొద్దున ఊపిరి నెమ్మదించింది. ఒళ్ళు చల్లబడింది. మీరాబీ కళ్ళు తెరిచి నన్ను చూసింది. నోరు ఎండిపోయి గొంతు సరిగ్గా రాలేదు.

"నేను ఎవరికీ చెప్పలేదమ్మా" అంది.

నేను మంచం పట్టీకి తల ఆనించి ఏడ్చాను. ఎవరు చూస్తున్నారో కూడా పట్టించుకోలేదు.

తర్వాత

ఇంటికి వచ్చాక సుబ్బారావు ఒకసారి కనిపించాడు. జరిగింది చెబితే నమ్మలేదు. "చిలకల వల్ల జ్వరమేంది చెల్లెమ్మా? మీ దూది దుమ్ము అది" అన్నాడు, అంటూనే దగ్గాడు. బుట్టలు ఇప్పుడు ఎవరింట్లో పెడుతున్నావని అడిగితే చెప్పలేదు. అందుకే ఇది రాస్తున్నాను. మీ ఇంటికీ ఎవరో ఒకరు గోనెపట్టా కప్పిన బుట్ట తెస్తారు. వారం రోజులే అంటారు, ఎవరికీ చెప్పొద్దంటారు. బుట్ట తీసుకోకండి. ఒకవేళ తీసుకున్నారే అనుకోండి, డాక్టరు అడిగినప్పుడు మాత్రం దాచకండి.

ఇక మిగిలింది ఆ ఐదు దిండ్లు. విప్పొద్దు, దులపొద్దు, బ్లీచింగు నీళ్ళలో ముంచి పాతిపెట్టమంది డాక్టరమ్మ. మా ఆయన కొత్త దూదితో ఐదు కుట్టాడు. అవి పట్టుకుని ముక్కుకు గుడ్డ కట్టుకుని బయల్దేరాను. నాలుగిళ్ళలో అబద్ధమే చెప్పాను. కుట్టు సరిగ్గా పడలేదు, మార్చి ఇస్తున్నాను అన్నాను. అబద్ధమాడినా, ఇంట్లో ఎవరికైనా జ్వరమా, దగ్గా అని మాత్రం అడిగాను. ఎవరికీ లేదన్నారు. ఇచ్చేశారు గానీ, వింతగా చూశారు. అడగకుండా కొత్త వస్తువు ఇచ్చేవాళ్ళు ఎవరుంటారు? నేనైనా అలాగే చూసేదాన్ని.

ఐదో ఇల్లు అనసూయమ్మది. కూతురు పురిటికి వచ్చి అక్కడే ఉంది. నేను వెళ్ళేసరికి వసారాలో చాప మీద మూడు నెలల పాప బోర్లా పడుకుని ఉంది. నా దిండు మీద. మూతి దిండుకు ఆనించి, చొంగ కారుస్తూ.

"ఏంది సైదమ్మా, ఊళ్ళో దిండ్లన్నీ మారుస్తున్నావంట?" అంది అనసూయమ్మ, గుమ్మానికి అడ్డంగా నిలబడి. "మూతికి ఆ గుడ్డేంది? ఏం పెట్టావు దాంట్లో? నిజం చెప్పు. మందు పెట్టావా, మంత్రం పెట్టావా?"

కుట్టు సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. నాలుగిళ్ళలో చెల్లిన మాటే. పాప తల ఎత్తి, మళ్ళీ దిండు మీద వాల్చి, గుడ్డ చప్పరించడం మొదలుపెట్టింది.

"ముందు పాపను ఎత్తుకోండి" అన్నాను. "ఎత్తుకోండమ్మా, చెబుతాను."

వీధిలో నిలబడే చెప్పాను. మా షెడ్డులో చిలకలు పెట్టామని, వాటి రెట్ట దూదిని ఏకి దిండ్లు కుట్టానని, నా కూతురు చావు దాకా పోయి వచ్చిందని. పంపు దగ్గర నీళ్ళు పడుతున్న ఆడవాళ్ళు బిందెలు వదిలేసి చూస్తున్నారు. అందులో నా దగ్గర దిండు మార్చుకున్నవాళ్ళూ ఉన్నారు.

అనసూయమ్మ కూతురు పాపను గుండెకు హత్తుకుని లోపలికి పరిగెత్తింది. అనసూయమ్మ దిండును కాలితో నా ముందుకు నెట్టింది.

"మనిషి పుట్టుక పుట్టావా నువ్వు? పసిబిడ్డ తల కింద పెట్టేదేనా ఇది?"

"పాపకు జ్వరమేమన్నా ఉందా అమ్మా?"

"లేదు."

"దగ్గు?"

"లేదన్నాగా! పో ఇక్కణ్ణించి. మా గడప తొక్కావంటే ఊరుకోను."

తలుపు ధడాలున వేసుకుంది. నేను దిండు కవరులో పెట్టి మూతి కట్టుకున్నాను. నాలుగడుగులు వేశానో లేదో, తలుపు మళ్ళీ తెరుచుకున్న చప్పుడు. అనసూయమ్మే. ఈసారి గొంతులో కోపం లేదు, భయం ఉంది.

"ఒకవేళ పాపకు జ్వరమొస్తే డాక్టరుకి ఏమని చెప్పాల?"

పంపు దగ్గర అందరూ వింటున్నారు.

"చిలకలని చెప్పండమ్మా" అన్నాను, అందరికీ వినపడేట్టు. "మా షెడ్డని, నా పేరు చెప్పండి."